తొమ్మిదో తరగతి పిల్లలకు సొంతంగా పరిశోధించడం, నెట్‌లో దొరికిన సమాచారాన్ని నిగ్గు తేల్చడం ఎలా నేర్పాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరును ఆనుకుని ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పని ఒక భాగం కనుక, ఈసారి తొమ్మిదో తరగతి వారికి ‘మన ప్రాంతంలోని ఒక చారిత్రక స్థలం లేదా కట్టడం’ అనే అంశం ఇచ్చి, ఎవరికి నచ్చినది వారు ఎంచుకొని రాసుకురమ్మన్నాను. వచ్చినవన్నీ దాదాపు ఒకే మూసలో ఉన్నాయి. అమరావతిని ఎంచుకున్నవారి వ్యాసాలన్నీ ఒకే వాక్యంతో మొదలై ఒకే వాక్యంతో ముగిశాయి. కొన్నింటినైతే బడి దగ్గరి నెట్ సెంటరులో ప్రింటు తీయించి, రంగుల బొమ్మలు అతికించి, స్పైరల్ బైండింగు కూడా చేయించారు. ఆ దుకాణం ముందు ‘స్కూలు ప్రాజెక్టులు చేయబడును’ అనే బోర్డే వేలాడుతున్నప్పుడు పిల్లలను మాత్రం అని ఏం లాభం?

అయితే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది కాపీ కొట్టినవారు కారు. ఒక అమ్మాయి ఇంట్లో అన్నయ్య ఫోను తీసుకొని, తానే వెతుక్కొని, ప్రకాశం బ్యారేజీ గురించి ఎంతో శ్రద్ధగా నాలుగు పేజీలు రాసింది. మొదటి పేరాలో ‘ఈ బ్యారేజీని 1855లో సర్ ఆర్థర్ కాటన్ నిర్మించాడు’ అని ఉంది. చివరి పేరాలో ‘ఇది 1957లో ప్రారంభమైంది’ అని ఉంది. రెండూ ఎలా కుదురుతాయమ్మా అని అడిగితే, ‘రెండూ నెట్‌లోనే ఉన్నాయి మేడమ్’ అని జవాబు చెప్పింది. 1855లో పూర్తయినది పాత ఆనకట్ట అనీ, 1952లో దానికి గండి పడిన తరువాత 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తి చేసినది ఇప్పటి బ్యారేజీ అనీ నేను చెప్పేస్తే ఆ ఒక్క వ్యాసం సరిపడుతుంది. కానీ ఆ రెండు వాక్యాలకూ పొసగడం లేదన్న సంగతి ఆ పిల్ల కంటికే ఆనాలంటే నేను చేయవలసినది ఏమిటి?

వారానికి ఒక పీరియడు కంటే ఎక్కువ కేటాయించే వీలు నాకు లేదు. కంప్యూటర్ గదిలో నడిచే యంత్రాలు తక్కువ. చాలామంది ఇళ్ళలో ఉన్నది ఒక్క ఫోను, అది పొద్దున తండ్రితో పాటే పనికి వెళ్ళిపోతుంది. వెబ్‌సైటు చిరునామా చివర ‘గవ్’ అనో ‘ఆర్గ్’ అనో ఉంటే నమ్మవచ్చు, ‘కామ్’ అని ఉంటే అనుమానించాలి అనే సూత్రం శిక్షణ తరగతుల్లో చెప్పారు గానీ, దానితో పని జరిగేట్టు కనిపించడం లేదు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: గ్రంథపాలకుడు, విజయవాడ

మేడమ్ గారికి నమస్కారం. మీ పిల్లలు కాపీ కొట్టారంటే అందులో సగం పాత్ర ప్రశ్నదే అని నా అభిప్రాయం. ‘అమరావతి గురించి రాయండి’ అని అడిగితే దానికి తయారుగా ఉన్న జవాబు నెట్‌లో ఉంది. తెచ్చి ఇచ్చేవాడు తెలివైనవాడే అవుతాడు తప్ప తప్పు చేసినవాడు కాడు. అదే ‘అమరావతి స్తూపం శిల్పాలు అమరావతిలో కంటే చెన్నైలోనూ లండన్‌లోనూ ఎక్కువ ఎందుకున్నాయి?’ అని అడిగి చూడండి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికి స్తూపం ఏ స్థితిలో ఉంది, 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసుకు ఎందుకు వెళ్ళాయి, అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియానికి ఎలా చేరాయి అనే విషయాలు ఒక్కచోట దొరకవు. మూడు నాలుగు చోట్ల నుంచి ఏరుకొని వరుసలో పెట్టుకోవలసిందే. బ్రిటిష్ మ్యూజియం తన దగ్గరున్న ఒక్కో శిల్పానికీ ఫొటోతో పాటు, అది ఎవరి ద్వారా ఎప్పుడు వచ్చిందో తన వెబ్‌సైటులో పెట్టింది. ఒక శిల్పం ఫొటో చూపి, ‘ఈ రాయి ఇక్కడికి ఎలా చేరింది?’ అని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లవాడికి అది డిటెక్టివ్ కథ లాగే ఉంటుంది.

ఇక వెతకడం గురించి. ఈ పనిలో పిల్లలకు ఎవరూ చెప్పని కిటుకు ఒకటుంది. పాత కాగితాల్లో మన ఊళ్ళు మన పేర్లతో ఉండవు. విజయవాడ అని వెతికితే 1920ల నాటి కాగితాలు పెద్దగా దొరకవు. బెజవాడ అని వెతకాలి. మచిలీపట్నాన్ని మసూలిపటం అనీ, కృష్ణను ‘కిస్ట్నా’ అనీ ఆనాటి ఇంగ్లీషు వాళ్ళు ఎలా రాశారో అలాగే టైపు చేయాలి. గుంటూరు జిల్లా సంగతి మరీ విచిత్రం. 1859లో ఆ జిల్లాను రద్దుచేసి చాలా భాగాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు, మళ్ళీ 1904లో గాని విడిగా ఏర్పడలేదు. అందువల్ల ఆ మధ్య కాలపు గుంటూరు గురించి తెలుసుకోవాలంటే గార్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్‌ను తిరగేయాలి. ఈ సంగతి తెలియని పిల్లవాడు ‘ఏమీ దొరకలేదు సార్’ అంటాడు, తెలిసినవాడికి పాత పుస్తకాలను ఉచితంగా చదవనిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో పుస్తకం మొత్తం దొరుకుతుంది. ఏ మాట పెట్టి వెతికారో, అది పని చేయకపోతే తరువాత ఏ మాట వేసి చూశారో నోటు పుస్తకంలో రాసుకోమనండి. ప్రాజెక్టులో నేనైతే ముందుగా చూసేది ఆ పేజీనే.

తెలుగు వికీపీడియాను చాలామంది ఉపాధ్యాయులు నిషేధిస్తున్నారు. నేను నిషేధించవద్దంటాను. కాకపోతే వ్యాసాన్ని పైనుంచి కాకుండా కింది నుంచి చదవడం నేర్పండి. చివర ‘మూలాలు’ అనే విభాగంలో ఎన్ని ఉన్నాయి, వాటిలో పుస్తకాలెన్ని, పత్రికలెన్ని, పనిచేయని లింకులెన్ని అన్నది మొదట చూడాలి. వ్యాసం మధ్యలో ఎక్కడైనా ‘ఆధారం చూపాలి’ అనే గుర్తు ఉంటే, ఆ వాక్యాన్ని రాసినవారు ఇంకా రుజువు చూపలేదని అర్థం. పైన ‘చర్చ’ అని ఒకటి, ‘చరిత్ర’ అని ఒకటి ఉంటాయి. వ్యాసాన్ని ఎవరెప్పుడు ఎలా మార్చారో, ఏ విషయం మీద తగువు పడ్డారో అక్కడ బయటపడుతుంది. అచ్చు పుస్తకంలో ఈ సౌకర్యం లేదు. ఒక వాక్యం రాతిమీద చెక్కినట్టు పుట్టదని, ఎవరో రాస్తే మరెవరో దిద్దుతారని పిల్లలకు కళ్ళారా చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు కనిపించలేదు.

యంత్రాలు లేవని బెంగపడకండి. ఒకే విషయం మీద రెండు వేర్వేరు పేజీలను జెరాక్స్ తీయించి నలుగురేసి పిల్లలకు ఇస్తే కరెంటు లేకుండా కూడా ఈ పాఠం నడుస్తుంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మా బెజవాడలోనే అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఇప్పుడు చాలా బడుల్లో లైబ్రరీ పీరియడులో లెక్కలు చెబుతున్నారు. మీ హెచ్.ఎం. గారితో మాట్లాడి ముందు ఆ పీరియడును వెనక్కి తెచ్చుకోండి.

జవాబు: ఒకప్పటి సబ్ ఎడిటర్, విజయవాడ

గ్రంథపాలకులు గారు వెతకడం గురించి చెప్పారు. దొరికినదాన్ని తూకం వేయడం గురించి నేను కొంత చెబుతాను. చాలా కాలం దినపత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ణి కనుక, ‘ఇది నిజమేనా?’ అని రాత్రి పదకొండింటికి తేల్చుకోవలసి రావడం నాకు అలవాటే.

మీ శిక్షణలో చెప్పిన ‘గవ్, ఆర్గ్, కామ్’ సూత్రాన్ని పక్కన పెట్టండి. ‘ఆర్గ్’ చిరునామాను డబ్బు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన ఒక పరిశోధన ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. పదిమంది చరిత్ర ఆచార్యులను, పదిమంది వృత్తిపరమైన నిజనిర్ధారకులను, ఇరవై అయిదుగురు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. అందులో పిల్లల వైద్యులకు సంబంధించిన రెండు సంస్థలు ఉన్నాయి. పేర్లు ఇంచుమించు ఒకలాగే వినిపిస్తాయి. ఒకటి వేలాది సభ్యులున్న పాత సంస్థ, రెండోది దాని నుంచి విడిపోయిన చిన్న గుంపు. పేజీ అందంగా ఉందా, కింద ఆధారాల జాబితా ఉందా, భాష శాస్త్రీయంగా ఉందా అని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివిన విద్యార్థుల్లో చాలామంది, కొందరు ఆచార్యులు కూడా, ఆ తేడా పట్టుకోలేకపోయారు. నిజనిర్ధారకులు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు ఉండనే లేదు. వెంటనే మరో ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూశారు. కొద్ది నిమిషాల్లో సంగతి తేలిపోయింది. పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి తన గురించి తాను చెప్పుకున్నది విని ఊరుకుంటామా, ఆ వీధిలో నలుగురినీ అడిగి వస్తాం గదా. ఇక్కడా అంతే.

తెలుగులో దీనికి ఒక చిక్కు ఉంది. ఒక సంగతి అయిదు సైట్లలో కనిపిస్తే అయిదుగురు సాక్షులు దొరికారని పిల్లలు అనుకుంటారు. ఆ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చదివితే వాక్యాలే కాదు, అచ్చుతప్పులు కూడా ఒకటే అని తెలుస్తుంది. అంటే సాక్షి ఒక్కడే, మిగతా నలుగురూ వాడు చెప్పింది విన్నవాళ్ళు. కనుక ‘ఎన్ని చోట్ల ఉంది?’ అనే ప్రశ్నకు బదులు ‘మొదట ఎవరు చెప్పారు?’ అనే ప్రశ్న అలవాటు చేయండి.

తరగతిలో వాడుకోవడానికి మంచి ఉదాహరణ చెబుతాను. ‘ప్రపంచంలోని లిపుల్లో తెలుగు లిపి రెండో అత్యుత్తమ లిపిగా ఎంపికైంది’ అనే ఫార్వర్డ్ మీ పిల్లల ఇళ్ళలో ప్రతి ఫోనులోనూ ఉంటుంది. మాతృభాషా దినోత్సవం నాడు వేదికల మీద కూడా వింటున్నాం. ఎంపిక చేసింది అంతర్జాతీయ అక్షరమాల సంఘమని, సంవత్సరం 2012 అని కూడా అందులో రాస్తారు. ఇప్పుడు పిల్లలను వెనక్కి నడిపించండి. ఆ సంఘం ఎక్కడుంది? దాని సభ్యులెవరు? తెలుగు పేజీల్లో ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు, ఒకదానికొకటి నకళ్ళు మాత్రం దొరుకుతాయి. ఇంగ్లీషులో వెతుక్కుంటూ వెళితే 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో జరిగిన ‘ప్రపంచ అక్షరమాలల ఒలింపిక్స్’ అనే కార్యక్రమం గురించి కొరియా పత్రికల్లో వచ్చిన వార్త దగ్గర తేలతారు. అందులో మొదటి స్థానం కొరియా లిపి హంగుల్‌కు, రెండోది తెలుగుకు, మూడోది ఇంగ్లీషు అక్షరమాలకు వచ్చాయి. 2009లో జరిగిన మొదటి పోటీలోనూ హంగుల్‌దే మొదటి స్థానం. కార్యక్రమాన్ని తలపెట్టినదీ కొరియా వారే.

ఇక్కడ పాఠం ఆపి పిల్లలను అడగండి: ఈ ఫార్వర్డ్ అబద్ధమా? కాదు, అటువంటి పోటీ జరిగిందని వార్త ఉంది. నిజమా? ‘ప్రపంచం ఎంపిక చేసింది’ అనడానికి అది చాలదు. పోటీ పెట్టినవారి లిపికే మొదటి బహుమతి రావడం కూడా గమనించవలసిన సంగతే. నిజం, అబద్ధం అనే రెండు గంపలే ఉంటాయనుకునే పిల్లలకు ఈ మూడో రకం తెలియడమే ముఖ్యం. పైగా ఇది మనకు ఇష్టమైన మాట. ఇష్టంలేని మాటను అనుమానించడం ఎవరికైనా వస్తుంది.

తిరుగు ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు

ఇద్దరికీ ధన్యవాదాలు. లిపి ఉదాహరణను వచ్చే వారమే వాడుకుంటాను; మా స్టాఫ్ రూములో కూడా దాని మీద చిన్న వాదన జరిగిందని చెప్పాలి. రెండు సందేహాలు మిగిలాయి. ఈమధ్య పిల్లలు వెతకడం కూడా మానేసి నేరుగా ఏఐని అడుగుతున్నారు. అది చక్కటి తెలుగులో, మూలాల పేర్లతో సహా జవాబు ఇస్తోంది. దీన్ని ఏం చేయాలి? రెండోది మార్కుల సంగతి. బైండింగు చేయించి తెచ్చిన అందమైన ప్రాజెక్టుకు తక్కువ, కొట్టివేతలతో నిండిన నోటు పుస్తకానికి ఎక్కువ వేస్తే తల్లిదండ్రులకు ఏమని చెప్పుకోవాలి?

జవాబు: డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, విజయవాడ

మేడమ్ గారూ, మీ దగ్గర తొమ్మిదో తరగతిలో మొదలైనదే మా దగ్గరికి డిగ్రీలో పెద్దదై వస్తోంది. మా విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి కదా. ఊరిలో ఇంటింటికీ తిరిగి సర్వే చేసి నివేదిక రాయాలి. ఒకే నివేదికలో ఊరి పేరు మార్చి ఇచ్చినవారు మాకూ తగులుతారు. ఒకసారైతే మార్చవలసిన పేరును ముగింపులో మార్చడం మరిచిపోయారు.

ఏఐ గురించి ముందుగా. దాన్ని సాక్షిగా చూడవద్దనీ, దారి చూపేవాడిగా మాత్రమే చూడమనీ చెప్పండి. అది చెప్పిన ప్రతి పుస్తకం పేరునూ, ప్రతి సంవత్సరాన్నీ పిల్లలు విడిగా వెతికి చూడాలి. లేని పుస్తకానికి ఉన్న రచయిత పేరు తగిలించి, ప్రచురణ సంవత్సరంతో సహా చెప్పే అలవాటు దానికి ఉంది. మన ప్రాంతపు స్థానిక చరిత్ర అడిగినప్పుడు ఈ బెడద మరింత ఎక్కువ, ఎందుకంటే ఆ విషయాల మీద నెట్‌లో ఉన్న తెలుగు రాతలే తక్కువ. తరగతిలోనే ఒక ప్రశ్న వేసి, అది ఇచ్చిన జవాబును బోర్డు మీద రాయించి, వాక్యం వాక్యంగా పిల్లల చేతనే పరీక్ష చేయించండి. ధృవపడిన వాక్యం కింద ఒక గీత, ధృవపడనిదాని కింద రెండు గీతలు గీయించండి. ఏఐని వాడవద్దని చెప్పే ఉపన్యాసం కంటే ఆ బోర్డు బాగా పనిచేస్తుంది.

నేను మొదటి సంవత్సరం వారికి ఇచ్చే అభ్యాసం ఒకటి మీకూ పనికొస్తుంది. ‘జాతీయ పతాకాన్ని ఎవరు రూపొందించారు?’ అని అడుగుతాను. తరగతి మొత్తం ఒక్క గొంతుతో పింగళి వెంకయ్య గారి పేరు చెబుతుంది. ఎలా తెలుసు అంటే పాఠ్యపుస్తకం అంటారు, బందరు రోడ్డు మీది విగ్రహాలు అంటారు. అప్పుడు ఆ కాలపు కాగితం ఒకటి ముందు పెడతాను. 1921 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. 1921 ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో గాంధీజీ జెండా గురించి స్వయంగా రాశారు. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య ఇతర దేశాల జెండాలను వర్ణించి, మన జెండాకు నమూనాలు సూచిస్తూ ఒక పుస్తకాన్ని ప్రజల ముందుంచారని, రాట్నం ఉండాలనే సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌దని, బెజవాడలో ఆ విధంగా నమూనా ఇమ్మని తాను వెంకయ్యను అడిగానని అందులో ఉంది. గాంధీజీ రచనల సంపుటాలు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు కనుక పిల్లలే ఆ పేజీ చూడగలరు.

దానితో ప్రశ్న రూపమే మారిపోతుంది. 1921 నాటి జెండాలో ఎవరి పాలు ఎంత? 1931లో రంగులు మారినప్పుడు ఎవరు నిర్ణయించారు? 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన రూపంలో రాట్నం స్థానంలో అశోక చక్రం ఎలా వచ్చింది, ఆ రూపం విషయంలో కళాకారిణి సురయ్యా త్యాబ్జీ పేరు చెప్పేవారి ఆధారం ఏమిటి? ఇంత జరిగాక వెంకయ్య గారి మీద గౌరవం తగ్గిన విద్యార్థిని నేను చూడలేదు. ఆయన ఎన్నేళ్ళ ముందు నుంచి ఆ పని మీద ఉన్నాడో తెలిసి పెరిగినవారే ఎక్కువ. ఆయన పుట్టిన సంవత్సరమే కొన్నిచోట్ల 1876 అనీ, కొన్నిచోట్ల 1878 అనీ ఉంటుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం 146వ జయంతి జరిపింది కనుక వారు 1876ను తీసుకున్నట్టు. ఈ తేడా వచ్చినప్పుడు రెండింటిలో ఒకటి కొట్టేయవద్దని, రెండూ రాసి, తాము ఏది ఎందుకు తీసుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పమని అంటాను. మీ బ్యారేజీ అమ్మాయికి కావలసిన అలవాటు కూడా ఇదే. ప్రతి సంవత్సరానికీ ఎదురుగా ‘ఏం జరిగింది, ఏ పేజీలో చూశాను’ అని రెండు గడులు గీసుకొని ఉంటే, 1855, 1957 ఒకదాని కింద ఒకటి పడి ఆ పిల్లే ఆగేది.

మార్కుల విషయంలో నేను చేసేది ఇది. బైండింగుకు, బొమ్మలకు, చేతిరాతకు మార్కులు లేవని ముందే చెబుతాను. సగం మార్కులు వెతికిన దారికి, అంటే ఏ మాటలతో వెతికారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు అనేదానికి. మిగతా సగంలో కొంత రాసినదానికి, కొంత మౌఖికానికి. ప్రాజెక్టు మూసేసి ‘ఈ వాక్యం నీకెక్కడ దొరికింది?’ అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. నెట్ సెంటరులో తయారైనది అక్కడే తెలిసిపోతుంది. తల్లిదండ్రులకు పేరెంట్స్ మీటింగులో ఈ లెక్కను కాగితం మీద చూపిస్తే పేచీ రాదు. డబ్బు మిగులుతుంది కనుక సంతోషించేవారే ఎక్కువ.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి

అమ్మా, అందరూ మంచి సంగతులే చెప్పారు. నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. పేజీ వదిలి బయటికి వెళ్ళమని, వెనక్కి నడవమని చెబుతున్నారు గానీ, విషయం కొంతైనా తెలియనివాడికి అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? ఆనకట్ట మీదుగా నీరు పొర్లిపోతుందనీ, బ్యారేజీకి గేట్లుంటాయనీ తెలిసిన పిల్ల అయితే కాటన్ కాలపు కట్టడానికీ ఇప్పుడు మనం బస్సులో దాటే దానికీ తేడా ఉండాలని తనంతట తానే అనుకునేది. కాబట్టి పరిశోధనకు పంపే ముందు రెండు పీరియడ్లు పాఠం గట్టిగా చెప్పండి. వీలైతే సీతానగరం వైపు తీసుకువెళ్ళి నది ఒడ్డున నిలబెట్టి చూపించండి. ఖాళీ చేతులతో నెట్‌లోకి వెళ్ళినవాడు దొరికిందల్లా మూటగట్టుకొస్తాడు.

రెండో మాట. అన్నింటినీ అనుమానించమని మరీ నొక్కి చెబితే, ‘అన్నీ అబద్ధాలే, ఎవరికి తోచింది వారు నమ్ముకోవచ్చు’ అనే దశకు పిల్లలు చేరుకుంటారు. అది కాపీ కొట్టడం కంటే ప్రమాదం. ఏది నమ్మదగినదో, ఎందుకు నమ్మదగినదో కూడా అంతే శ్రద్ధగా చూపించాలి. జనాభా లెక్కలు ఎలా సేకరిస్తారో, ఒక శాసనాన్ని పురాతత్వ శాఖవారు ఎలా నకలు తీసి చదువుతారో ఒక్కసారి చెప్పండి. కష్టపడి తేల్చిన విషయానికీ ఊరికే అన్న మాటకూ తేడా అప్పుడు తెలుస్తుంది.

జవాబు: డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, విజయవాడ

పాఠం గట్టిగా చెప్పాలన్న మాస్టారు గారి మాటకు బలమిచ్చే పరిశోధన మన దేశంలోనే జరిగింది. 2019 ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు బిహార్‌లో 1,224 మందితో ఒక ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్ళి గంటసేపు తప్పుడు సమాచారాన్ని గుర్తించే పద్ధతులు నేర్పించి, తరువాత పరీక్షిస్తే మొత్తం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఆ తరువాత అదే రాష్ట్రంలో ఆమె, సహ పరిశోధకులు కలిసి 13,500 మందికి పైగా విద్యార్థులతో, గ్రామాల్లోని గ్రంథాలయాల్లో, కొన్ని వారాల పాటు విడతలుగా తరగతులు నడిపారు. ఈసారి పిల్లల్లో నిజాన్ని పోల్చుకునే శక్తి పెరగడమే కాక, నెలల తరువాత కూడా అది నిలిచింది. నేర్చుకున్నది ఇళ్ళలో తల్లిదండ్రులకూ కొంత చేరింది. ఒక్క రోజు సదస్సు పెట్టి, ఫొటో దిగి, బ్యానర్ చుట్టేయడం వల్ల ఏమీ జరగదని దీన్నిబట్టి తెలుస్తోంది. వారానికి ఒక పీరియడే ఉందని మేడమ్ గారు విచారించారు. ఆ ఒక్క పీరియడే టర్మ్ పొడవునా వదలకుండా నడిస్తే అదే సరైన మోతాదు.

జవాబు: ఒకప్పటి సబ్ ఎడిటర్, విజయవాడ

మాస్టారూ, పాఠం ముందు చెప్పాలన్న మీ మాట ఒప్పుకుంటాను. కానీ విషయం తెలియకపోయినా అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. లిపుల శాస్త్రం రాని పిల్లవాడు కూడా ‘ఈ సంఘం ఎవరిది?’ అని అడగగలడు. రేపు పిల్లలు పెద్దవారై ఒక మందు గురించో, ఒక పథకం గురించో చదివినప్పుడు వారికి ముందుగా పాఠం చెప్పడానికి మనం పక్కన ఉండం. రెండూ కావాలి, రెండోది నేర్పేవారు తక్కువగా ఉన్నారని మాత్రమే నా బాధ.

తిరుగు ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు

ఈ టర్మ్‌కు చేయదలచుకున్నది రాస్తున్నాను. లోపాలుంటే చెప్పండి. మొదట రెండు పీరియడ్లు పాఠమే చెబుతాను. ఆ తరువాత రెండు జెరాక్స్ పేజీలను పోల్చి చూడడం, లిపి ఫార్వర్డ్, వికీపీడియాను కింది నుంచి చదవడం, బోర్డు మీద ఏఐ జవాబును పరీక్షించడం వరుసగా ఒక్కో వారం నడుపుతాను. చివరగా ఎవరి ప్రశ్న వారు ఎంచుకుంటారు. నలుగురికి ఒక ఫోను సర్దుబాటు అయ్యేట్టుంది. ఒక చిక్కు మాత్రం ఇప్పటికే వచ్చింది. తరగతిలో సగం మంది ఇళ్ళకు మిర్చి యార్డుతో సంబంధం ఉంది. ‘ఆసియాలోనే అతి పెద్ద మిర్చి యార్డు మనదే’ అనే వాక్యంతోనే మొదలుపెడతామంటున్నారు. ప్రభుత్వ పేజీల్లోనూ, పత్రికల్లోనూ ఆ మాట ఉంది. దాన్ని అలాగే రాయనివ్వాలా?

జవాబు: ఒకప్పటి సబ్ ఎడిటర్, విజయవాడ

రాయనివ్వండి, కానీ చివరి పేజీలో. నేను డెస్కులో ఉన్నప్పుడు కూడా ఆ వాక్యం ప్రతి సీజనులోనూ వచ్చేది, దిద్దకుండా పంపేవాళ్ళం. ముందు పిల్లల చేత ‘పెద్దది’ అంటే దేనిలో అని అడిగించండి. స్థలమా, ఏడాదికి వచ్చే సరుకా, టర్నోవరా, కమిషన్ వ్యాపారుల సంఖ్యా? పోల్చవలసిన రెండో యార్డు ఏది? కర్ణాటకలో బ్యాడగి ఉంది, మన పక్కనే ఖమ్మం, వరంగల్ ఉన్నాయి. భారతదేశం బయట మిర్చి ఎక్కువగా పండించే చైనాలో మార్కెట్లు ఎలా నడుస్తాయో కూడా చూడాలి. మార్కెట్ కమిటీ దగ్గర రోజువారీ రాబడి లెక్కలు ఉంటాయి. పిల్లల ఇళ్ళలోనే ముఠా పనివారు, గుమాస్తాలు ఉన్నారంటున్నారు కనుక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు నిండినప్పుడు సరుకు ఎక్కడిదాకా నిలుస్తుందో, సెలవులు ఎందుకు ఇస్తారో వాళ్ళను అడిగి రాసుకురమ్మనండి. అది ఏ సైట్‌లోనూ దొరకని ఆధారం. ఎవరిని, ఏ రోజు అడిగారో దాని పక్కన రాయించడం మరిచిపోకండి.